జమైకా తవ్విన కొండలు, మన్యం తవ్వని కొండలు

పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపితే సుమారు 12,400 చదరపు కిలోమీటర్ల నేల. కరీబియన్ సముద్రంలోని జమైకా దేశమంతా కలిపినా దాదాపు 11,000 చదరపు కిలోమీటర్లే. జనంలోనూ మనమే ఎక్కువ. 2011 లెక్కల నాటికే మన రెండు జిల్లాల్లో 50 లక్షల మంది ఉంటే, జమైకాలో ఇప్పటికీ 28 లక్షల చిల్లరే. ఇన్ని వేల మైళ్ల దూరాన ఉన్నా ఆ దేశపు బతుకు ఉత్తరాంధ్ర బతుక్కి చాలా దగ్గర. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. పల్లంలో చెరకు, కొండమీద కాఫీ. అక్టోబరు వచ్చిందంటే తుపాను భయం. ఉన్న ఊళ్లో పని చాలక వలసపోయినవాళ్లు పంపే డబ్బుతో నడిచే ఇళ్లు. వీటన్నిటితో పాటు కొండల్లో బాక్సైట్. తేడా ఒక్కచోటే ఉంది. జమైకా తన బాక్సైట్‌ను 1952 నుంచి ఎగుమతి చేస్తోంది. జెర్రెల, గాలికొండ, రక్తకొండల మీదున్న మన మన్యం బాక్సైట్ ఇంకా కదలలేదు. అంటే మనం తేల్చుకోవలసిన ప్రశ్నకు ఏడు దశాబ్దాల జమాఖర్చు ముందుగానే మన చేతికొచ్చింది. దాన్ని శ్రద్ధగా చదివితే, అడవి మీద ప్రేమ సంగతి పక్కన పెట్టి ఉత్త రూపాయల లెక్కే చూసుకున్నా, ఆ కొండలను తవ్వకుండా ఉంచడమే మనకు లాభమని నా వాదన.

జమైకా కథ ఆశతోనే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నుంచి రేనాల్డ్స్, కైజర్, కెనడా నుంచి ఆల్కన్ కంపెనీలు అక్కడ దిగాయి. 1957 కల్లా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బాక్సైట్ తవ్వే దేశం జమైకాయే అయింది. 1971 దాకా ఆ స్థానం నిలబెట్టుకుంది. రేవులు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, కొందరికి మంచి జీతాలూ వచ్చాయి. కానీ ధర నిర్ణయించింది జమైకా కాదు. తవ్విన కంపెనీయే ఆ మట్టిని అమెరికాలో ఉన్న తన ఫ్యాక్టరీకి అమ్ముకునేది. అమ్మకందారూ కొనుగోలుదారూ ఒకరే అయినప్పుడు కాగితం మీద ధర ఎంత తక్కువగా రాసుకుంటే జమైకాకు కట్టవలసిన పన్ను అంత తగ్గేది. స్వాతంత్ర్యం 1962లోనే వచ్చినా ఈ పద్ధతి మరో పన్నెండేళ్లు సాగింది. 1974లో ప్రధానమంత్రి మైఖేల్ మాన్లీ దీన్ని మార్చారు. కంపెనీ రాసుకున్న మట్టి ధరతో పని లేకుండా, ఆ మట్టి నుంచి వచ్చే అల్యూమినియం దిమ్మ అమ్ముడుపోయే ధరలో 7.5 శాతం లెవీ కట్టాలన్నారు. అదే ఏడాది కొన్ని బాక్సైట్ దేశాలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. జమైకా ఆదాయం ఏడాది తిరిగేసరికి ఎన్నో రెట్లు పెరిగింది. మూడో ప్రపంచ దేశమొకటి తన ఖనిజానికి తగిన వెల అడిగి రాబట్టుకున్న ఘట్టం అది. మాన్లీ చేసిన పని ఈనాటికీ మెచ్చుకోదగ్గదే.

తర్వాత జరిగింది కూడా అంతే శ్రద్ధగా చదవాలి. కంపెనీలు కోర్టులకెక్కడంతో ఆగలేదు. కొత్త పెట్టుబడులను గినీకి, ఆస్ట్రేలియాకు, బ్రెజిల్‌కు మళ్లించాయి. 1974లో కోటిన్నర టన్నులున్న జమైకా ఉత్పత్తి 1985కి అందులో సగం కూడా లేదు. 1984లో రేనాల్డ్స్ వెళ్లిపోయింది, మరుసటి ఏడాది మరో అమెరికా కంపెనీ ఆల్కోవా తన ప్లాంటు మూసింది. లెవీని తగ్గించక తప్పలేదు. లెవీ డబ్బు కోసం మాన్లీ ప్రభుత్వం ఒక పెట్టుబడి నిధిని కూడా ఏర్పాటు చేసింది. ఖనిజం అయిపోయాక కూడా దేశానికి ఏదో ఒకటి మిగలాలన్నది దాని ఉద్దేశం. అయితే చమురు ధరలు పెరిగి ఖజానా ఖాళీ అయిన ఆ రోజుల్లో ఆ డబ్బు రోజువారీ ఖర్చులకే పోయింది. 2009 మాంద్యంలో అల్యూమినియం ధర పడిపోగానే బాక్సైట్‌ను శుద్ధిచేసే అల్యూమినా ఫ్యాక్టరీలు వరుసగా మూతపడ్డాయి. ఆల్కన్ 1950లలో కట్టిన కిర్క్‌వైన్ ప్లాంటు మళ్లీ తెరుచుకోలేదు. 2013 నాటికి దేశపు అప్పు దాని ఏడాది ఉత్పత్తికి ఒకటిన్నర రెట్లకు దగ్గరగా చేరి, అంతర్జాతీయ ద్రవ్యనిధి తలుపు తట్టవలసి వచ్చింది. అప్పుకు కారణాలు అనేకం, బాక్సైట్‌ ఒక్కదాని మీదికి నెట్టలేం. కానీ అరవై ఏళ్లు బాక్సైట్ అమ్మిన దేశాన్ని ఆ బాక్సైట్ ఆదుకోలేదన్నది మాత్రం నిజం.

ఇక మన లెక్క చూద్దాం. మన దేశంలోనూ బాక్సైట్ రాయల్టీని లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో అల్యూమినియం ధరను బట్టే కడతారు. 2014లో కేంద్రం ఖరారు చేసిన రేటు ఆ ధరలో 0.60 శాతం. టన్ను అల్యూమినియం 2,500 డాలర్లు ఉందనుకుంటే, ఆ టన్నుకు సరిపడా మట్టి మీద మాన్లీ రేటున జమైకాకు వచ్చేది 187 డాలర్లు, మన రేటున రాష్ట్రానికి వచ్చేది 15 డాలర్లు. ఒక టన్ను అల్యూమినియానికి నాలుగైదు టన్నుల బాక్సైట్ పడుతుంది కాబట్టి, కొండ నుంచి దించిన టన్ను మట్టికి మనకు దక్కేది మూడు డాలర్ల పైచిలుకు. వేలంలో వచ్చే అదనపు వాటా, రాయల్టీ మీద జిల్లా ఖనిజ నిధికి జమయ్యే సొమ్ము వేరే ఉన్నాయి నిజమే. అవి కలుపుకున్నా, అంత గట్టిగా బేరమాడిన జమైకాకే మిగలనిది మనకు మిగులుతుందని నమ్మడానికి ఆధారం కనబడదు.

ఇందుకు జమైకా దాకా పోనక్కర్లేదు కూడా. విజయనగరం జిల్లా రామతీర్థం నుంచి ఉత్తరాన చీపురుపల్లి, గరివిడి వైపు వెళ్తే చాలు. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఇక్కడే, 1892లో. కోడూరు, గర్భాం గనుల ఖనిజం ఓడలెక్కి ఇంగ్లండు ఉక్కు కొలుములకు చేరింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1950లలో, గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వెలిసింది. ఖనిజాన్ని ఉన్నచోటే శుద్ధిచేసి విలువ పెంచాలన్న సరైన ఆలోచనతోనే అది వచ్చింది. అయితే మాంగనీసును కరిగించే కొలిమి కరెంటు మీద నడుస్తుంది. కరెంటు చార్జీ పెరిగినప్పుడల్లా ఈ జిల్లా ఫెర్రో పరిశ్రమ కొలుములు ఆర్పుకోవడం, కార్మికులు గేటు ముందు కూర్చోవడం మనం చూస్తూనే ఉన్నాం. నూట ముప్పై ఏళ్ల తవ్వకం తర్వాత ఆ చుట్టుపక్కల మిగిలినవి నీరు నిలిచిన గుంటలు, పనికిరాని మట్టి దిబ్బలు. విజయనగరం జిల్లా పేరు వినగానే హైదరాబాదులోనో చెన్నైలోనో మేస్త్రీలకు గుర్తొచ్చేది భవనాల పనికి వచ్చిన కూలీలు. దేశంలో మొట్టమొదట మాంగనీసు అమ్మిన ప్రాంతం నుంచే ఇంత వలస ఉందంటే, ఖనిజం ఉంటే సిరి ఉంటుందన్న మాటకు విలువెంతో ఆలోచించాలి.

గరివిడి కొలిమిని ఆర్పిన కరెంటు బాక్సైట్ దగ్గర ఇంకా పెద్ద ప్రశ్న అవుతుంది. టన్ను అల్యూమినియం తీయడానికి దాదాపు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. జమైకా ఈనాటికీ తన గడ్డమీద అల్యూమినియం తీయలేకపోయింది. ఇంధనం దిగుమతి చేసుకుని కరెంటు తయారుచేసే దేశానికి అది అందని పని. బాక్సైట్, మహా అయితే అల్యూమినా, అక్కడితో సరి. అసలు విలువ చేకూరే మెట్టు ఎప్పుడూ ఇంకో దేశంలోనే ఉండిపోయింది. మనకు పక్కనే ఉన్న ఒడిశాలో నాల్కో కథ చూడండి. గని, అల్యూమినా ఫ్యాక్టరీ కోరాపుట్ జిల్లా దమన్‌జోడిలో ఉన్నాయి. అల్యూమినియం తీసే స్మెల్టరు మాత్రం బొగ్గు దొరికే అంగుల్‌లో పెట్టారు. అమ్మకానికి మిగిలిన అల్యూమినా విశాఖ రేవు నుంచి ఓడ ఎక్కుతుంది. మన్యం బాక్సైట్ తవ్వినా జరిగేది ఇదే. కొండకు గొయ్యి, ఎర్రమట్టి వ్యర్థాల చెరువు మనకు, లోహం ఇంకెవరికో. ఎస్.కోట దగ్గర బొడ్డవరలో అల్యూమినా ఫ్యాక్టరీ అంటూ రైతుల దగ్గర భూములు తీసుకున్నారు. ఒప్పందం జరిగి రెండు దశాబ్దాలు దాటినా ఫ్యాక్టరీ రాలేదు.

డబ్బు సంగతి కంటే నీటి సంగతి ఇంకా ముఖ్యం. మన్యంలో బాక్సైట్ కొండ నెత్తిన పొరలా పరచుకుని ఉంటుంది. ఖోండలైటు రాయి లక్షల ఏళ్ల వానలకు నాని, కరిగి, బోలుగా మారితే ఏర్పడిన పొర అది. వాన నీరు అందులోకి ఇంకి, అడుగున గట్టి రాయి తగిలిన చోట పక్కలకు ఊటగా పైకి వస్తుంది. అలా పుట్టినవే గెడ్డలు. నడి వేసవిలో కూడా కొండకింద పల్లెల్లో బిందె నిండుతోందంటే ఆ పొర దాచిన నీటి వల్లే. గాలికొండ ఉన్న అనంతగిరి కొండల్లో గోస్తని పుడుతుంది. బొర్రా గుహలను తొలిచి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీరు విశాఖ నగరం తాగుతోంది. ఒడిశా నియమగిరి కూడా ఇలాంటి బాక్సైట్ కొండే. 2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు పన్నెండు గ్రామసభలు పెడితే, పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. అక్కడి డోంగ్రియా కోందు గిరిజనుల తీర్మానం వల్ల మేలు పొందినవారిలో శ్రీకాకుళం రైతులు కూడా ఉన్నారని మనం తరచూ మర్చిపోతాం. వంశధారకు నీరిచ్చేది ఆ కొండలే. రామతీర్థం దగ్గర్లో పారే చంపావతి కూడా తూర్పు కనుమల బిడ్డే, విజయనగరం పట్టణం దాహం తీరుస్తున్నదే. కొండవాళ్ల పోరాటం పల్లంవాళ్లకు సంబంధించింది కాదనుకోవడం మనం చేస్తున్న పెద్ద పొరపాటు.

ఈ సంగతి జమైకా ఆలస్యంగానైనా గుర్తించింది. సెయింట్ ఆన్, సెయింట్ ఎలిజబెత్ ప్రాంతాల గని ఊళ్లలో జనం ఇంటికప్పు మీద పడిన వాననీటినే తొట్లలో పట్టుకుని తాగుతారు. గని లారీలు లేపిన ఎర్ర దుమ్ము ఆ కప్పుల మీద పేరుకుంటుంది, తొలి వానకే తొట్టిలోకి దిగుతుంది. దశాబ్దాల తరబడి అక్కడి ఆడవాళ్ల ఫిర్యాదు ఇదే. ద్వీపం పడమటి మధ్యభాగంలో కాక్‌పిట్ కంట్రీ అనే సున్నపురాతి గుట్టల సీమ ఉంది. బానిసత్వం నుంచి పారిపోయిన ఆఫ్రికన్లు, మరూన్లు, అక్కడ దాగి బ్రిటిష్ సైన్యంతో పోరాడి 1739లో ఒడంబడిక రాయించుకున్నారు. పశ్చిమ జమైకా నదులు చాలావరకు అక్కడి నుంచే బయల్దేరతాయి. దాని కిందా బాక్సైట్ ఉంది. ఏళ్ల తరబడి జనం పట్టుబట్టాక, 2017లో ప్రధాని ఆండ్రూ హోల్నెస్ ఆ సీమకు హద్దులు ప్రకటించి లోపల తవ్వకం నిషేధిస్తున్నామన్నారు. హద్దు చాలా కుదించారని, పక్కనే ఇచ్చిన లీజు తమ ఊళ్లను మింగుతోందని రైతులు కోర్టుకు వెళ్లారు. తగాదా తెగలేదు. అయినా, ఖనిజం ఉందని తెలిసీ కొన్ని కొండలు తవ్వకూడనివి అని ఒక బాక్సైట్ దేశమే ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

తవ్వకపోతే తినేదేమిటని అడగడం న్యాయమే. జవాబు కూడా జమైకాలో ఉంది, మన్యంలోనూ ఉంది. బ్లూ మౌంటెన్స్ అనే కొండల మీద 18వ శతాబ్దం నుంచి కాఫీ పండుతోంది. ఏ జిల్లాల్లో, ఏ ఎత్తున పండితే ఆ పేరు పెట్టుకోవచ్చో చట్టం రాసుకున్నారు, గింజను పరీక్షించి గాని ఓడ ఎక్కించరు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన కాఫీల్లో అది ఒకటయింది. ఆ కొండలే 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. మన పాడేరు, అరకు ఏజెన్సీలో సిల్వర్ ఓక్ నీడన, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించి, లక్షకు మించిన గిరిజన కుటుంబాలు కాఫీ పండిస్తున్నాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో దాని పేరుతో దుకాణం తెరుచుకుంది. ఇక్కడ ఒక చిన్న తేడాలో పెద్ద సంగతి దాగి ఉంది. రైతు పండునీ పిందెనీ కలిపి దూసి, ఎండబెట్టి సంతలో దళారికి కొలిస్తే ఒక ధర. ఎర్రగా పండిన కాయను మాత్రమే ఏరి, ఆ రోజే పల్పింగ్ యూనిట్‌లో తోలు ఒలిచి, కడిగి ఆరబెట్టిన గింజకు దానికంటే ఎంతో మెరుగైన ధర. అల్యూమినియానికి కావలసిన విలువ మెట్టు మన్యం ఎక్కలేదు, కాఫీ విలువ మెట్టు మన్యంలోనే, రైతు చేతిలోనే ఉంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, ఆ పనికి దానికి శక్తి సమకూర్చాలి.

సంస్కృతిని ఆర్థిక లెక్కల్లో చేర్చడం మన విధాన పత్రాలకు అలవాటు లేదు. జమైకా చూస్తే చేర్చక తప్పదనిపిస్తుంది. గాయకుడు బాబ్ మార్లే పుట్టిన నైన్ మైల్ గ్రామం సెయింట్ ఆన్‌లో ఉంది, బాక్సైట్ తవ్వే ప్రాంతమే. అక్కడి గనుల పేర్లు తెలిసినవాళ్లు ప్రపంచంలో కొద్దిమంది, మార్లే పాట తెలియని దేశం లేదు. కింగ్‌స్టన్ మురికివాడల్లో పుట్టిన రెగ్గే సంగీతం 2018లో యునెస్కో జాబితాకెక్కింది. కాక్‌పిట్ కంట్రీ ఉన్న ట్రెలానీ జిల్లా పల్లెటూరు నుంచే పరుగు వీరుడు ఉసేన్ బోల్ట్ వచ్చాడు. రామతీర్థం ఉన్న నెల్లిమర్ల మండలంలోనే కొండవెలగాడ ఉంది. ఆ ఒక్క ఊరి నుంచి ఎందరో వెయిట్ లిఫ్టర్లు వచ్చారు, మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఆ ఊరికి మంచి వ్యాయామశాల, శిక్షకులు, ఆటగాళ్లకు తిండి ఖర్చు ఇవ్వడానికి ఏ కొండా తవ్వనక్కర్లేదు. రామతీర్థంలోనే గురుభక్తులకొండ మీద బౌద్ధ ఆరామాల శిథిలాలు, ఆ పక్కన జైనుల ఆనవాళ్లు, బోడికొండ దగ్గర రామస్వామి ఆలయం ఒకే వరసలో ఉన్నాయి. శివరాత్రి జాతరకు, శ్రీరామనవమికి వచ్చే జనంతో కొబ్బరికాయల అంగడి నుంచి ఆటో దాకా నడిచే వ్యాపారం చిన్నదే కావచ్చు, కానీ ఏటా వస్తుంది. బౌద్ధ క్షేత్రాల కోసం విదేశాల నుంచి వచ్చేవారికి ఇక్కడ నిలువ నీడ, చక్కని దారి, చెప్పేవాడు ఉంటే ఇంకా పెరుగుతుంది.

పర్యాటకం, కాఫీ మీద ఆధారపడితే తుపానుకు ఎగిరిపోతాం, ఖనిజం ఎగిరిపోదు కదా అనేవారున్నారు. ఈ అభ్యంతరంలో బలముంది. 2025 అక్టోబరు 28న మెలిస్సా తుపాను జమైకాను చితకబాదింది. అదే రాత్రి మన తీరాన్ని మొంథా దాటింది. 2014 హుద్‌హుద్‌కు ఏజెన్సీలో సిల్వర్ ఓక్‌లు కూలి కాఫీ తోటలు నాశనమయ్యాయి. 2025లోనే కాయతొలిచే పురుగు కూడా అరకులో కనబడింది. పర్యాటకంలోనూ కన్నాలున్నాయి. జమైకాలో అన్నీ ఒకే గోడలోపల దొరికే పెద్ద హోటళ్ల ఆదాయంలో పెద్ద భాగం దేశం దాటిపోతోందన్న విమర్శ సరైనదే, రిసార్టుల పేరుతో అరకు భూములు చేతులు మారకుండా గిరిజనేతరులకు భూమి బదిలీని అడ్డుకునే 1/70 చట్టాన్ని కాపాడుకోవాల్సిందీ అందుకే. అయితే కూలిన తోటను మళ్లీ నాటవచ్చు. హుద్‌హుద్ తర్వాత మన్యం రైతు నాటాడు, కాపు వచ్చింది. గీకేసిన కొండ నెత్తి మళ్లీ నీరు పట్టదు. జమైకాలో బాక్సైట్ సున్నపురాతి గుంటల్లో ఉంటుంది కాబట్టి తవ్వాక మట్టి కప్పి గడ్డి పెంచమని చట్టం చెప్పగలిగింది. మన కొండల తీరు వేరు. అక్కడి పునరుద్ధరణ ఫొటోలు చూపించి ఇక్కడ హామీ ఇవ్వడం తగదు. ఇక దేశానికి అల్యూమినియం కావాలన్న మాట. కరెంటు తీగలకు, రైళ్లకు, సౌర ఫలకాల చట్రాలకు కావాలి, కాదనను. దమన్‌జోడి లాంటి గనులు ఇప్పటికే తవ్వుతున్నారు. వాడిన అల్యూమినియాన్ని మళ్లీ కరిగిస్తే కొత్తదానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతు చాలు. దేశ అవసరం పేరుతో ఊటలున్న ప్రతి కొండా తెరవాలన్న తర్కం నిలవదు.

మన దగ్గర లోపం చట్టంలో ఉంది. 1997 సమత తీర్పు బొర్రా, అనంతగిరి కొండల్లోని గనుల తగాదా నుంచే వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు లీజులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థ పేరుతో తవ్వి ప్రైవేటుకు అమ్మవచ్చన్న దారి వెతికి 2005 నుంచి ఒప్పందాలు రాశారు. 2015లో తవ్వకానికి దారి తెరుస్తూ జీవో 97 వచ్చింది, ఏజెన్సీ భగ్గుమంటే ఆగింది. 2019లో కొత్త ప్రభుత్వం తవ్వకం ఉండదని ప్రకటించింది. జీవోతో వచ్చినది జీవోతో పోతుంది, ఇంకో జీవోతో తిరిగొస్తుంది. అల్యూమినియం ధర పెరిగిన ప్రతిసారీ మన్యం పల్లెలు మళ్లీ రోడ్డెక్కాలా? అందుకని శాసనసభ చట్టమే చేయాలి. జెర్రెల, గాలికొండ, రక్తకొండ, చింతపల్లి ఎత్తుల్లోని బాక్సైట్ పొరకు సర్వే నంబర్లతో హద్దు గీసి, గిరిజన సలహామండలి, గ్రామసభల సమ్మతితో దాన్ని తవ్వకానికి మూసేయాలి. హద్దు గీయడంలో జమైకా చేసిన కక్కుర్తి మనం చేయకూడదు, ఊట ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా గీయాలి. ఇప్పటికే తవ్విన గరివిడి, చీపురుపల్లి ప్రాంతాల ఖనిజ నిధిని కార్యాలయ భవనాలకూ, ఎక్కడో వేసే రోడ్లకూ కాకుండా ఆ గని పల్లెల్లోనే గుంటలు పూడ్చడానికి, తాగునీటికి, పిల్లల చదువుకు కట్టేసి, లెక్క ప్రతి ఏడాదీ గ్రామసభలో చదివి వినిపించాలి. బొడ్డవర రైతులకు వాళ్ల భూమి సంగతి తేల్చి చెప్పాలి. ఈ మూడింటికీ విదేశీ పెట్టుబడి కోసం ఆగనక్కర్లేదు. మొదటిదానికి ముసాయిదా వచ్చే సమావేశాల్లోనే ప్రవేశపెట్టవచ్చు. విజయనగరం, శ్రీకాకుళం, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల శాసనసభ్యులు పార్టీలకతీతంగా దాని మీద సంతకం చేస్తారో లేదో వాళ్ల నియోజకవర్గాల్లో ఓటర్లు ఇప్పుడే అడగాలి.